లింకన్ గుమ్మం దగ్గరి మనిషి: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

పోయిన సంచికలో అబ్రహం లింకన్ ఆంతరంగిక కార్యదర్శి జాన్ జార్జ్ నికొలే మీద ఒక పేజీ వ్యాసం వేశాం. వ్యాసం చిన్నది, వచ్చిన ఉత్తరాలు మాత్రం చాలా పెద్దవి. ఒకే సంగతి అడిగినవాటిని కలిపేసి, ఊరి పేరు మాత్రం ఉంచి జవాబులిస్తున్నాం.

ప్రశ్న: పల్లెటూరి పత్రిక నడుపుకునే కుర్రాడు అధ్యక్షుడి కార్యదర్శి ఎలా అయ్యాడు? చదువు చూసి తీసుకున్నారా, సిఫారసు పనిచేసిందా? (డిగ్రీ విద్యార్థిని, శ్రీకాకుళం)

జవాబు: చదువు చూసి మాత్రం కాదు. నికొలే 1832 ఫిబ్రవరి 26న జర్మనీలోని ఎస్సింజెన్ అనే ఊళ్లో పుట్టాడు. ఆ ప్రాంతం అప్పట్లో బవేరియా ఏలుబడిలో ఉండేది. 1838లో కుటుంబం అమెరికా చేరింది. చిన్నతనంలోనే తల్లిదండ్రులు పోయారు, బడి చదువు అంతంతమాత్రం. ఇలినాయ్ రాష్ట్రంలో ఒక దుకాణంలో గుమాస్తాగా ఉండి, పదహారేళ్ల వయసులో పిట్స్‌ఫీల్డ్‌లోని 'పైక్ కౌంటీ ఫ్రీ ప్రెస్' అనే వారపత్రికలో పని నేర్చుకోవడానికి చేరాడు. 1854 నాటికి దానికి సంపాదకుడూ యజమానీ అతనే. 1856లో పత్రిక అమ్మేశాడు. మరుసటి ఏడాది రాష్ట్ర రాజధాని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో సెక్రటరీ ఆఫ్ స్టేట్ (అక్కడ రాష్ట్ర దస్తావేజులు చూసే అధికారి) ఓజయాస్ హాచ్ దగ్గర గుమాస్తాగా కుదిరాడు.

అసలు మలుపు అక్కడుంది. రాష్ట్రంలో జరిగిన ఎన్నికల లెక్కల పుస్తకాలన్నీ ఆ ఆఫీసులోనే ఉండేవి. ఏ కౌంటీలో ఎవరికెన్ని ఓట్లు పడ్డాయో చూసుకోవడమంటే లింకన్‌కు మహా ఇష్టం. ఆయన వచ్చినప్పుడల్లా పుస్తకం తీసి చూపించే పని నికొలేది. అడిగిన కాగితం వెంటనే తీసివ్వగల మనిషని లింకన్‌కు తెలిసింది అలాగే.

1860 మేలో లింకన్ అధ్యక్ష అభ్యర్థి అయినప్పుడు, ఆయన మీద ప్రచార జీవిత చరిత్ర తానే రాయాలని నికొలే ఆశపడ్డాడు. ఆ పని విలియం డీన్ హవెల్స్ అనే ఒహాయో యువకుడికి పోయింది. నికొలే చిన్నబుచ్చుకున్నాడు. ఆ తర్వాత దక్కిందే కార్యదర్శి ఉద్యోగం. హాచ్ మాట సాయం ఉండనే ఉంది, కాబట్టి సిఫారసు బొత్తిగా లేదని అనలేం.

ప్రశ్న: నేను ముప్ఫై ఏళ్లు కంపోజింగు చేసి రిటైరయ్యాను. 1850ల్లో అమెరికా పల్లెటూరి ప్రెస్సులో పని ఎలా సాగేది? మన పనికీ దానికీ పోలిక ఉందా? (తెనాలి)

జవాబు: మీరు వెళ్లి ఆ కేసు (అచ్చక్షరాలు పెట్టే గడుల పెట్టె) ముందు నిలబడితే గంటలో పని అందుకుంటారు. పోలిక అంత దగ్గరిది, ఇంకా మీకది తేలిక కూడా. గుణింతాలు, వత్తులు పేర్చిన మన తెలుగు కేసుల ముందు ఇంగ్లీషు కేసులు పిల్లల ఆట. పెద్ద అక్షరాలు పై కేసులో, చిన్నవి కింది కేసులో. ఎడమ చేతిలో స్టిక్కు, అంటే అక్షరాలు వరసగా పేర్చే చిన్న పట్టీ, కుడి చేత్తో అక్షరం. వరసను తలకిందులుగా, ఎడమ నుంచి కుడికి చదువుకోవాలి. కొత్తవాళ్లను ఏడిపించేవి బి, డి, పి, క్యూ. తిరగేస్తే ఒకదానికొకటి కవల పిల్లలు.

అప్పటి వారపత్రికంటే పెద్ద కాగితం ఒకటి, మడిస్తే నాలుగు పేజీలు. 1, 4 పేజీలు ఒక ఫారం, అంటే ఒకేసారి అచ్చు పడేలా కలిపి బిగించిన పేజీలు. కథలు, ప్రకటనలు లాంటి పాతబడనివి అందులో వేసి వారం మొదట్లోనే అచ్చు కొట్టేసేవారు. 2, 3 పేజీల ఫారాన్ని చివరి రోజు దాకా తాజా వార్తల కోసం ఆపేవారు. కాగితాన్ని ముందు రాత్రే తడిపి, బరువు పెట్టి ఉంచాలి. పొడి కాగితం మీద చేతి ప్రెస్సు సిరా సమానంగా పట్టదు, అక్షరం మధ్యలో తెల్లటి చుక్కలు పడతాయి. తడి ఎక్కువైతే సిరా పాకుతుంది. ఒకరు సిరా రోలరు తిప్పుతూ, ఒకరు కాగితం పెట్టి మీట లాగుతూ ఉంటే గంటకు 200 నుంచి 250 ఒత్తులు (ఒక ఒత్తు అంటే కాగితం ఒక వైపు ఒకసారి అచ్చు). 500 ప్రతులకు రెండు వైపులా కలిపి 1000 ఒత్తులు, అంటే నాలుగైదు గంటల చాకిరీ. ఆ తర్వాత అక్షరాలను మళ్లీ ఎవరి గడిలోకి వాటిని చేర్చాలి. ఈ పనిలో బద్ధకించినవాడి తప్పులు వచ్చే వారం ప్రూఫులో బయటపడతాయి, పక్కవాడి పీకకు చుట్టుకుంటాయి. ఇది మీకు చెప్పనక్కర్లేదు!

పత్రిక నిండేది ఎలాగని మరొకరు అడిగారు. ఎక్కువగా కత్తెరతోనే. పత్రికలు ఒకదానికొకటి పంపుకునే ప్రతులకు 1792 చట్టం ప్రకారం తపాలా ఖర్చు ఉండేది కాదు. ఈ వసతి 1873 దాకా సాగింది. రోజూ వచ్చి పడే పదుల పత్రికల్లో ఏది ముఖ్యం, ఏది చెత్త, ఏది నిన్నటి వార్తకే కొత్త చొక్కా అని నిమిషంలో తేల్చడం సంపాదకుడి పని. వైట్‌హౌస్‌లో ఉత్తరాల గుట్ట ముందు నికొలేకు అక్కరకు వచ్చిన విద్య ఇదే.

ప్రశ్న: ఒక ప్రభుత్వ శాఖలో పీఏగా చేస్తున్నాను. లింకన్ ఆఫీసులో ఎంతమంది ఉండేవారు? జీతమెంత? ఉత్తరాలను ఏ పద్ధతిలో చూసేవారు? (హైదరాబాద్)

జవాబు: చట్ట ప్రకారం ఒక్కడే. అధ్యక్షుడి ఆంతరంగిక కార్యదర్శికి ప్రభుత్వ ఖజానా నుంచి జీతం ఇవ్వడమే 1857లో మొదలైంది, ఏడాదికి 2,500 డాలర్లు. అంతకుముందు అధ్యక్షులు సొంత డబ్బుతో, చాలాసార్లు కొడుకునో మేనల్లుడినో పెట్టుకునేవారు. 1860 ఎన్నికల నెలల్లో నికొలేకు ముట్టింది నెలకు 75 డాలర్లు.

ఒక్కడితో పని జరగదని మొదట్లోనే తేలిపోయింది. రెండో మనిషిగా జాన్ హేను తేవాలి, పోస్టు లేదు. మీ శాఖలో డిప్యుటేషన్ అంటారే, అదే చేశారు. హే పేరుకు ఇంటీరియర్ శాఖలో గుమాస్తా, కూర్చునేది వైట్‌హౌస్‌లో. మూడో మనిషి విలియం స్టాడర్డ్, ఇతనూ మాజీ సంపాదకుడే. ఇతని అసలు పోస్టు ప్రభుత్వ భూముల పట్టాల మీద అధ్యక్షుడి తరఫున సంతకాలు పెట్టడం. 1861 మార్చిలో నికొలేకు 29 ఏళ్లు, హేకు 22. ఇద్దరూ పడుకునేదీ వైట్‌హౌస్ మేడ మీదే, తూర్పు కొసన, ఆఫీసు గదులున్న అంతస్తులోనే. కాబట్టి ఇంటికి వెళ్లే వేళ అంటూ లేదు.

ఉత్తరాలు రోజుకు రెండు మూడు వందలు. విప్పిన వెంటనే నాలుగు కుప్పలయ్యేవి. పిచ్చి రాతలు, బెదిరింపులు బుట్టలోకి. ఉద్యోగం అడిగేవి, పెన్షను, సైన్యం సంగతులు సంబంధిత శాఖకు. మామూలు జవాబుతో సరిపోయేవి కార్యదర్శుల దగ్గరే. మిగిలిన గుప్పెడు అధ్యక్షుడి బల్ల మీదికి. వచ్చిన యాభైలో ఒక్కటి కూడా లింకన్ చదివేవాడు కాదని హే 1866లో ఒక ఉత్తరంలో రాశాడు. తాను రాసిన జవాబుల మీద చదవకుండానే సంతకం పెట్టేవాడనీ అన్నాడు.

దాచుకునే ఉత్తరాన్ని నిలువుగా సన్నగా మడిచేవారు. పైకి కనిపించే వెనక వైపున, పంపినవాడి పేరు, తేదీ, సంగతి ఒక్క ముక్కలో రాసి, కట్ట కట్టి అరలో పెట్టేవారు. విప్పకుండానే ఏ ఉత్తరమో తెలుస్తుంది. ఇది రాయడం మరిచిన కాగితం ఉన్నా లేనట్టే. లింకన్ స్వయంగా ఈ విషయంలో ఎంత ఘనుడో చెప్పాలంటే ఒకటి చాలు. స్ప్రింగ్‌ఫీల్డ్ లాయరు ఆఫీసులో ఆయన కట్టిన ఒక కట్ట మీద 'ఇంకెక్కడా దొరక్కపోతే ఇందులో చూడు' అని రాసి ఉండేదట. వకీలు భాగస్వామి హెర్న్‌డన్ చెప్పిన సంగతి ఇది. ఆయన్ను ఒక పద్ధతిలో పెట్టడానికి నికొలే, తానూ నాలుగేళ్లు పెనుగులాడామని హే వాపోయాడు.

పనికొచ్చే నమూనా ఒకటి. 1860 ప్రచారంలో, ఫలానా విషయంలో మీ అభిప్రాయమేమిటి అని వందల ఉత్తరాలు వచ్చాయి. అన్నిటికీ పంపడానికి ఒకే జవాబు తయారైంది. మీ ఉత్తరం అందింది, ఇలాంటివి ఇంకా వచ్చాయి, కానీ ఏమీ రాయవద్దని బతిమాలే ఉత్తరాలు అంతకన్నా ఎక్కువ వచ్చాయి, ఆయన అభిప్రాయాలు ముందే అందరికీ తెలుసు, అందరినీ సంతోషపెట్టలేనందుకు చింతిస్తున్నారు, అని దాని సారం. కింద సంతకం నికొలేది. కాదనడం, అడిగినవాడికి కోపం రాకుండా కాదనడం, అభ్యర్థి చేతిరాత ఎక్కడా చిక్కకుండా చూడడం, మూడూ అందులో ఉన్నాయి. ఎదురుగా మాట్లాడేటప్పుడు మాత్రం నికొలేకు ఈ మెత్తదనం ఉండేది కాదు. జర్మన్ ముక్కుసూటితనంతో ముఖం మీదే చెప్పేసేవాడని స్టాడర్డ్ రాశాడు. గుమ్మం దగ్గర ఉద్యోగార్థుల క్యూ ఉన్న ఇంట్లో అది గుణమేనని మా ఉద్దేశం.

ప్రశ్న: మిసెస్ లింకన్‌తో ఆయనకు పడేది కాదంటారు, నిజమా? (గుంటూరు)

జవాబు: నిజం. ఇంటి ఖర్చుకూ ఆఫీసు ఖర్చుకూ మధ్య గీత ఎక్కడన్నది నిత్యం తగువే. 1864 జనవరిలో మంత్రులకిచ్చే విందు పిలుపుల జాబితాలో ఆర్థిక మంత్రి చేజ్ కూతురు కేట్, అల్లుడు స్ప్రేగ్ పేర్లను మేరీ లింకన్ కొట్టేసింది. నికొలే విషయం అధ్యక్షుడికి చెప్పాడు. పేర్లు మళ్లీ చేర్చమని ఆయన అన్నాడు. ఆ తర్వాత కొద్దిరోజులు ఆ మేడ మీద నికొలేకు నిలువ నీడ లేకపోయింది. హే, నికొలే తమలో తాము ఆమెకు పెట్టుకున్న పేర్లు ఇక్కడ అచ్చు వేసేవి కావు. బిడ్డ పోయిన తల్లి మీద ఆ కుర్రాళ్లు ఇంకొంచెం దయ చూపించి ఉండాల్సింది. కొడుకు విల్లీ చనిపోయిన 1862 ఫిబ్రవరి 20 సాయంత్రం, నా బిడ్డ పోయాడు అంటూ లింకన్ వచ్చి ఏడ్చింది నికొలే గదిలోనే.

ప్రశ్న: గెటిస్‌బర్గ్ ఉపన్యాసం అసలు కాగితం నికొలే దగ్గరే ఉండేదా? (ఇంగ్లీషు అధ్యాపకుడు, వరంగల్)

జవాబు: యుద్ధంలో పోయిన సైనికుల శ్మశానాన్ని అంకితం చేస్తూ గెటిస్‌బర్గ్ ఊళ్లో లింకన్ చేసిన చిన్న ఉపన్యాసం ఇది. లింకన్ చేతిరాతలో ఇప్పుడు తెలిసిన ప్రతులు ఐదు. వాటిలో అన్నిటికంటే ముందుదని చాలామంది భావించేదాన్ని నికొలే ప్రతి అంటారు. రెండు కాగితాలు. మొదటిది 'ఎగ్జిక్యూటివ్ మాన్షన్' అని అచ్చయిన ఆఫీసు కాగితం, సిరాతో రాసింది. రెండోది వేరే రకం గీతల కాగితం, పెన్సిల్‌తో రాసింది. మొదటి పేజీ చివర 'ఇక్కడ నిలబడి' అనే అర్థమిచ్చే మాటలను పెన్సిల్‌తో కొట్టేసి, 'మనం ఇక్కడ అంకితం' అన్న అర్థం వచ్చేలా పైన రాశాడు. 'డెడికేటెడ్' అన్న మాట సగం ఈ పేజీలో, సగం ఆ పేజీలో పడింది. వాక్యం వ్యాకరణం కూడా అక్కడ సరిగ్గా అతకలేదు. వాషింగ్టన్‌లో ఒక పేజీ రాసుకుని, గెటిస్‌బర్గ్ వెళ్లాక రెండోది తిరగరాశాడనడానికి ఆ అతుకే సాక్ష్యం. 1863 నవంబరు 19 పొద్దున, ఆ ఊళ్లో లింకన్ బస చేసిన డేవిడ్ విల్స్ ఇంట్లో, లింకన్ దాన్ని పూర్తి చేస్తుండగా నికొలే పక్కన ఉన్నాడు. 1894లో దాని నకలు బొమ్మతో వ్యాసం రాశాడు.

సభలో చేతిలో పట్టుకున్నది ఇదేనా అన్నది మాత్రం తేలలేదు. 'దేవుని అండతో' అనే అర్థమిచ్చే రెండు మాటలు విలేఖరులు రాసుకున్న పాఠంలో ఉన్నాయి, ఈ ప్రతిలో లేవు. మాట్లాడుతూ కలిపి ఉండవచ్చు. నికొలే పోయాక ఆ కాగితం హే చేతికి వచ్చింది. 1916లో హే వారసులు దాన్ని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌కు ఇచ్చారు.

ఇద్దరి చేతిరాత పక్కపక్కనే చూడాలంటే ఇంకో కాగితం ఉంది. 1861 ఫిబ్రవరి 11న స్ప్రింగ్‌ఫీల్డ్ స్టేషన్లో లింకన్ కాగితం లేకుండా అప్పటికప్పుడు వీడ్కోలు మాటలు చెప్పాడు. రైలు కదిలాక వాటిని రాసివ్వమని విలేఖరులు అడిగారు. కొంత తానే రాశాడు. కుదుపులకు రాత సాగలేదు, తను చెబుతుండగా నికొలే రాశాడు. పెన్సిల్ ఒకటే, చేయి మారిన చోటు చూడగానే తెలిసిపోతుంది.

ప్రశ్న: హే, నికొలే కలిసి రాసిన పది సంపుటాల లింకన్ చరిత్రను ఎంతవరకు నమ్మవచ్చు? కొడుకు దిద్దించాడని విన్నాం. (చరిత్ర పరిశోధకుడు, తిరుపతి)

జవాబు: అందులోని కాగితాలను నమ్మవచ్చు, వాటితో గీసిన లింకన్ బొమ్మను కాస్త చూసుకుని నమ్మాలి. లింకన్ హత్య జరిగిన రాత్రి నికొలే వాషింగ్టన్‌లో లేడు, ఓడ ప్రయాణంలో ఉన్నాడు. వచ్చాక ఇద్దరూ కలిసి ఆఫీసు కాగితాలు పెట్టెల్లో సర్దారు. అవి ఇలినాయ్‌లో జడ్జి డేవిడ్ డేవిస్ అధీనంలోకి వెళ్లాయి. నికొలే పారిస్‌లో అమెరికా కాన్సల్‌గా (దౌత్య అధికారిగా) 1869 దాకా ఉండి, 1872 నుంచి 1887 వరకు సుప్రీంకోర్టు మార్షల్‌గా, అంటే కోర్టు భద్రత, ఏర్పాట్లు చూసే అధికారిగా చేశాడు. నిలకడైన ఉద్యోగం, రాసుకోవడానికి తీరిక. 1874లో లింకన్ పెద్దకొడుకు రాబర్ట్ ఆ కాగితాలు వీళ్లకు వాడుకోనిచ్చాడు. అచ్చుకు ముందు తాను చూడాలన్న షరతు ఉంది. తాత ముత్తాతల గురించి, బాల్యం గురించి రాసినచోట అతను నిజంగానే కలం పెట్టాడు. 'సెంచరీ' పత్రిక 50,000 డాలర్లిచ్చి 1886 నవంబరు నుంచి ధారావాహికంగా వేసింది. 1890లో పది సంపుటాలు వచ్చాయి.

1875లో నికొలే లింకన్ పాత మిత్రులను కలిసి, వాళ్లు చెప్పింది రాసుకున్నాడు. పెళ్లికి ముందు లింకన్ పడిన మనోవ్యథ లాంటి సంగతులు అందులో ఉన్నాయి. పుస్తకంలోకి చాలావరకు ఎక్కలేదు. రాబర్ట్ మొహమాటం ఒక కారణం. ఇరవై ముప్ఫై ఏళ్ల తర్వాతి జ్ఞాపకాన్ని నమ్మరాదన్న నికొలే పట్టుదల ఇంకో కారణం.

ఆ పట్టుదలే 1891లో పెద్ద రచ్చకు దారితీసింది. లింకన్ మొదటి ఉపాధ్యక్షుడు హామ్లిన్ ఆ జులైలో చనిపోయాడు. 1864లో హామ్లిన్‌ను తప్పించి ఆండ్రూ జాన్సన్‌ను పెట్టమని లింకన్ తనకు రహస్యంగా చెప్పాడని ఫిలడెల్ఫియా సంపాదకుడు మెక్‌క్లూర్ రాశాడు. అబద్ధమన్నాడు నికొలే. నికొలే వాదన అంతా ఒక్క కాగితం మీద నిలిచింది. 1864 జూన్‌లో బాల్టిమోర్ పార్టీ మహాసభ నుంచి అతను హేకు ఒక ఉత్తరం రాశాడు. లెనర్డ్ స్వెట్ అనే లింకన్ మిత్రుడు ఉపాధ్యక్ష పదవికి జోసెఫ్ హోల్ట్ పేరు పంపాడు, ఇది అధ్యక్షుడి కోరికేనా అని ఇలినాయ్ ప్రతినిధులు అడుగుతున్నారు, అని. హే చూపించగా లింకన్ ఆ ఉత్తరం మీదే రాశాడు. స్వెట్ మంచివాడే, హోల్ట్ కూడా మంచివాడే కానీ ఉపాధ్యక్ష పదవికి అతని పేరు నేను వినలేదు, అనుకోలేదు, ఆ సంగతిలో జోక్యం చేసుకోదలచలేదు, మహాసభే తేల్చుకోవాలి అని. ఆ పదవి గురించి లింకన్ అప్పటికప్పుడు సొంత చేత్తో రాసిన మాట ఇది.

మెక్‌క్లూర్ ఊరుకోలేదు. గుమాస్తాకు రహస్యాలెందుకు చెబుతాడని ఎద్దేవా చేశాడు. ఆ మాటలో పస లేకపోలేదు. నోటితో ఒకటి చెప్పి, కాగితం మీద ఇంకోటి రాసే విద్య రాజకీయాల్లో కొత్తది కాదు. చరిత్రకారులు నేటికీ రెండు వైపులా ఉన్నారు. ఇరవై ఏడేళ్ల నాటి జ్ఞాపకానికీ ఆ రోజు రాతకూ పోటీ వస్తే మా ఓటు రాతకే.

ప్రశ్న: మేము వర్జీనియాలో ఉంటున్నాం. ఆ కాగితాలు మామూలు మనుషులు చూడవచ్చా? పాత ఇంగ్లీషు రాత చదవడం ఎలా? (రిచ్‌మండ్)

జవాబు: ఇండియాలో కూర్చున్నా చూడవచ్చు. లింకన్ కాగితాలను రాబర్ట్ 1919లో లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో పెట్టాడు, తాను పోయాక 21 ఏళ్ల దాకా తెరవరాదన్నాడు. అవి 1947 జులై 26న తెరుచుకున్నాయి. ఇప్పుడు లైబ్రరీ సైట్లో ఉచితంగా ఉన్నాయి. చాలావాటికి చదివి టైపు చేసిన పాఠం పక్కనే ఉంటుంది. మొదట ఆ పాఠంతో పోల్చుకుంటూ ఓ పదిహేను ఉత్తరాలు చదివితే కంటికి అలవాటవుతుంది.

తికమక పెట్టేవి కొన్ని. తేదీ పక్కన 'ఇన్‌స్టంట్'కు పొట్టిగా 'ఇన్‌స్ట్' అని ఉంటే ఈ నెల, 'అల్టిమో'కు పొట్టిగా 'అల్ట్' అని ఉంటే పోయిన నెల. 'మీ ఫేవర్ అందింది' అంటే మేలు కాదు, ఉత్తరం. అంకెల్లో తేదీ వేస్తే ముందు నెల, తర్వాత రోజు. వైట్‌హౌస్ అని వెతికితే ఉత్తరాల తలకట్టు దొరకదు. ఆ పేరు కాగితాల మీదికి అధికారికంగా ఎక్కింది 1901లో, థియోడర్ రూజ్‌వెల్ట్ వచ్చాక. అంతకుముందు 'ఎగ్జిక్యూటివ్ మాన్షన్' అనే ఉండేది. ఉత్తరం చదవడం అవగానే వెనక వైపు బొమ్మ కూడా తెరవండి. మడత మీద రాసిన ఆ ఒక్క ముక్క అక్కడే ఉంటుంది, తొందరలో చాలామంది దాన్ని చూడకుండా పోతారు.

జాన్ నికొలే అని వెతికి, సంతకం దొరకలేదని వదిలెయ్యకండి. ఆయన తన పేరును జాన్‌కు అప్పటి పొట్టిరూపంలో, జె, ఎన్, ఓ అన్న మూడక్షరాలతో రాసేవాడు.